ఎదురునీళ్లు

బుల్లమ్మ గుట్ట ఎక్కిందని తేల్చడానికి పంచాయితీ పెద్దగా కష్టపడనక్కర లేకపోయింది. ఆమే ఒప్పేసుకుంది. బండ సందున దొరికిన కుండ తనదేనంది. కుండలో జొన్నలు తనవేనంది. పక్కన పేర్చి ఉన్న ఎండుకట్టెలు కూడా తనే మోసుకుపోయానంది. అబద్ధమాడి ఉంటే సగం మందైనా నమ్మేవాళ్లు. నిజం చెప్పేసరికి ఆమెను వదిలిపెట్టే దారి ఎవరికీ లేకుండా పోయింది.

కుందరేవులో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన కట్టు అది. తొలి విత్తు నేలలో పడిన నాటి నుంచి కొత్త పంట తినే కొత్తల పండుగ దాకా గుట్ట మీది తల్లి కడుపుతో ఉంటుంది. అంతకాలం ఆడది గుట్ట ఎక్కకూడదు. గుట్ట మొదట్లో పొత్రమంత నల్లరాయి ఒకటి నిలబెట్టి ఉంటుంది, పసుపు పూసి. అదే ఎల్ల. వానాకాలంలో ఆ రాయి దాటి పోయే ఆడమనిషి ఆ ఊళ్లో పుట్టలేదు. బుల్లమ్మ ఆ ఊళ్లో పుట్టింది కాదు, అదీ వచ్చిన చిక్కు.

"ఎందుకు పోయినవ్ బుల్లమ్మా?" అని అడిగాడు పొజ్జా. తల్లికి పూజ చేసే పెర్మ అతనే. పళ్లు ఊడిపోయిన ముసలివాడు, ఎవరిమీదా గొంతు పెంచడు.

"నీళ్లొస్తే పిల్లలకి తిండుండాలి గదా పెద్దయ్యా. మా ఒడ్డున అట్టాగే దాసుకుంటాం, ఎత్తున. సముద్రం పైకొచ్చిన ఏటి నించీ..."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సముద్రమట! ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి వింటున్న మాటే. కుందరేవు నుంచి సముద్రం దాకా పోవాలంటే ఇంద్రావతిలో తెప్ప కట్టుకుని గోదావరిలో పడాలి, భద్రాచలం దాటాలి, రాజమండ్రి దాటాలి, ఇంకా పోవాలి. ఊరు మొత్తం మీద దాన్ని చూసినవాడు ఆమె మొగుడు మాడ ఒక్కడే. టేకు దుంగల తెప్పలు నడుపుకుంటూ కిందికి పోయి, ఒక ఏడు తిరుగు ప్రయాణంలో ఈ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మాడ కిందటి చలికాలంలో జ్వరం వచ్చి చచ్చిపోయాడు. దాంతో సముద్రానికి సాక్షి లేకుండా పోయాడు.

"వరద సంగతి మాకు తెల్వదా, చిన్నమ్మా?" అన్నాడు సోమారు. మాడకు అన్న కొడుకు, మంచివాడే. పదిమందిలో ఆమెను వెనకేసుకురావడానికి సిగ్గుపడుతున్నాడు, అంతే. "నీళ్లొస్తే ఎనక వాగు దాటి చేలల్లకు పోతం. మంచెలెక్కుతం. మా తాతలు అట్లనే బతికిండ్రు. గుట్ట తోటి ఏం పని?"

"ముందు వాగే మునిగితేనో?"

అడిగినదాంట్లో తప్పు లేదు గానీ, అక్కడ కూర్చున్నది ఆ సంగతి తేల్చడానికి కాదు.

పొజ్జా తీర్పు చెప్పాడు. కుండలో జొన్నలు తల్లికి. ఒక కోడి తల్లికి. కొత్తల పండుగ దాకా మాట బంద్. ఎవరూ బుల్లమ్మతో మాట్లాడకూడదు. ఆమె పిలిస్తే పలకకూడదు, తిరిగి చూడకూడదు. పలికిన వాళ్లకూ అదే శిక్ష. చెప్పడం అయ్యాక అతనే ముందు లేచి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

కోడి పోయినందుకు బుల్లమ్మకు బాధ లేదు. మాట బంద్ అంటే ఏమిటో ఆ సాయంత్రం ఆమెకు ఇంకా తెలియదు.

తెల్లారి రేవులో తెలిసింది. నీళ్లు ముంచుకుంటున్న ఆడవాళ్లు ఆమె రాగానే కబుర్లు ఆపేసి కడవలెత్తుకున్నారు. "ఏమే నందే, కాలి పుండు మానిందా?" అని అడిగేసింది, అలవాటు కొద్దీ. నందే మెడ బిగించుకుని, కుంటుకుంటూ పోయింది. పాపం, పుండు మాననట్టే ఉంది. తిట్టిపోసినా బాగుండేదనిపించింది బుల్లమ్మకు. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి. వీళ్లు తనను మనుషుల లెక్కలోంచి తీసేశారు.

మరునాటికి పొయ్యితో మాట్లాడడం మొదలుపెట్టింది. "అంటుకోవే తల్లీ, తడి కట్టెలైతే నా తప్పా?" అంది. ఆ గొంతు విని తానే ఉలిక్కిపడింది. అంత చిన్న ఇల్లూ, మాడ పోయిన నాడు కూడా ఇంత పెద్దగా కనబడలేదు.

ఆమె గుమ్మానికి ఎదురుగుమ్మం సోమారుది. మధ్యన ఒకే వాకిలి. సోమారు పెళ్లాం హుంగే ఇరవై ఏళ్లది, గలగలా మాట్లాడే పిల్ల. దాని చంకలో బుధ్రా, అప్పుడే కింద రెండు పళ్లు వచ్చినవాడు. నాట్ల రోజుల్లో హుంగే పొలానికి పోతే వాణ్ణి ఆడించింది బుల్లమ్మే. ఇప్పుడు సోమారు ఉయ్యాల తీసి ఇంట్లోపల కట్టాడు, తన తల్లి కోసిని కాపలా కూర్చోబెట్టాడు. కట్టు అంటే కట్టే కదా.

మూడో పొద్దున హుంగే రోట్లో కొర్రలు పోసి, పిల్లవాణ్ణి వీపుకు కట్టుకుని, రోకలి ఎత్తింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, పిల్లవాడితో మొదలుపెట్టింది.

"బుధ్రా, మీ చిన్నవ్వ నిన్న పొయ్యి ముట్టియ్యనే లేదురా. ఒంట్ల బాగలేదా ఏంది, అడుగు బిడ్డా."

బుల్లమ్మ గుమ్మంలో కూర్చుని మాడ వల బాగుచేస్తోంది. ఒక్క క్షణం చేతులు ఆగిపోయాయి. వలకేసి చూస్తూ అంది. "వలమ్మా, నాకేమయిందే. కట్టెలు తడిసాయి, బద్ధకించాను."

"బుధ్రా, మన చూరు కింద ఎండుకట్టెలున్నయి. మనం ఇంట్ల లేనప్పుడు ఎవలన్న తీస్కపోతే మనకేం తెలుస్తది?"

"వలమ్మా, దాని పుణ్యాన ఇయాల గంజి కాస్తానే."

రోకటి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక మాట. ఒకతె కొడుకుతో, ఒకతె వలతో. పొద్దెక్కే దాకా అలా సాగింది. లోపల కోసికి వినబడకపోలేదు. కోసి చెవిటిదైపోయినట్టు పడుకుంది.

"బుధ్రా," అంది హుంగే చివర్లో, రోలు ఎత్తుకుంటూ, "మీ చిన్నవ్వకు అక్కడ సముద్రం ఒడ్డున పిల్లలేమన్న ఉండిరా? ఎన్నడు చెప్పలే."

బుల్లమ్మ వల చిక్కు తీస్తూనే ఉండిపోయింది. హుంగే మళ్లీ అడగలేదు. ఆ ఊళ్లో బుల్లమ్మకు మిగిలింది ఆ పిల్లా, దాని చంకలో బుధ్రా. ఆ సంగతి బుల్లమ్మకు బాగా తెలుసు.

అంగడి నాడు సంచిలో సారపప్పు పోసుకుని, వాగు దాటి, చేల గట్ల మీదుగా భోపాల్‌పట్నం పోయింది. ఉప్పు ఇంకా అయిపోలేదు. మనిషి మాట కోసం పోయింది. ఉప్పు కొట్టు సీతారాములు అవతలి నైజాం ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, అతనికి కుందరేవు కట్లతో పని లేదు.

"ఉప్పులో ఇసకుందే శెట్టీ," అని మొదలుపెట్టింది.

"ఇసుక లేని ఉప్పు జమీందారు గారి కచేరీకి పోతది. నీకూ నాకూ ఇదే. యుద్ధమైతే అయిపోయింది గాని ధర దిగిందా?"

ఆమె చిటికెడు తీసి వాసన చూసింది, నాలిక మీద వేసుకుంది, బాగాలేదంది, మళ్లీ బాగానే ఉందంది, కొలిచిన సారపప్పు మళ్లీ కొలవమంది. సీతారాములు విసుక్కున్నాడు. ఆ విసుగు ఆమె చెవులకు ఎంతో హాయిగా ఉంది. పొమ్మన్నా పోయేలా లేదని చూసి, అతను కూడా మెత్తబడి పీట జరిపాడు.

"నీది సముద్రం ఒడ్డంట గదా. మాడ చెప్పేటోడు. ఆ ఏడు మీ కాడ గాలివాన లేకుంటనే నీళ్లు పైకొచ్చినయంట, నిజమేనా?"

"గాలీ లేదు, మబ్బూ లేదు. నేల అదిరింది, కుండలు దొర్లాయి. అంతే. కాసేపటికి నీళ్లు ఎనక్కి పోయాయి."

"పేపర్ల రాసిండ్రు. సముద్రం అడుగున నేల పగిలిందంట. నిండు బిందె అడుగున ఒక్క గుద్దు గుద్దితే నీళ్లు ఎగిరి ఒడ్లు దాటవా? అట్లనంట. ఉప్పెనంటే గాలి తెచ్చేది, ఇది నేల తోసేది."

"నేల ఎందుకు పగిలిందో రాసారా?"

"అది రాయలే."

"ఇసకంతా బయటపడింది శెట్టీ. అంత దూరం ఎప్పుడూ సూళ్లేదు. సేపలు ఎగిరెగిరి పడతన్నాయి. తట్టలు పట్టుకుని నవ్వుకుంటా లోపలికి పోయారు అందరూ. పిల్లలయితే మరీని..." అని ఆగిపోయింది. చేతిలో ఉప్పు గుప్పెట బిగిసి, వేళ్ల సందుల్లోంచి రాలుతోంది. సీతారాములు మామూలుగా అయితే రాలిన ఉప్పుకు అరిచేవాడే. అరవలేదు. 

"పొద్దుండంగ ఇంటికి పో," అన్నాడు. "సిరోంచ కాడ పడవలు బంద్ చేసిండ్రంట. పైన వానలు ఆగుతలేవంట. మనకు ఇక్కడ ఎండ కొడుతాంది గని, గోదారి నిండుగున్నది."

ఆ కబురు ఊళ్లో ఎవరికి చెప్పాలో తెలియక, దారి పొడుగునా మోసుకుంటూ వచ్చింది. వలకు మాత్రం చెప్పింది. హుంగే ఇంట్లో లేదు.

రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు పొద్దున్నే కడవ తీసుకుని రేవుకు పోయిన బుల్లమ్మ మెట్టు మీదే నిలబడిపోయింది. నిన్నటి దాకా ఎర్రగా, ఉరుకుతూ పోయిన ఇంద్రావతి కదలడం లేదు. నురుగు ఎక్కడిదక్కడ ఆగి ఉంది. ఒక టేకు ఆకు నీళ్ల మీద నిలబడి, అటూ ఇటూ తూగి, మెల్లగా పై వైపుకు జరిగింది. ఏరు ఎటు పోవాలో ఆలోచించుకుంటున్నట్టుగా ఉంది.

"ఎదురునీళ్లు!" అని అరిచాడెవరో, సంబరంగా. రెండు మూడేళ్లకోసారి అట్లా జరుగుతుందని ఆ ఊరికి తెలుసు. కింద గోదావరి నిండితే ఇంద్రావతి నీళ్లకు చోటు దొరకదు, వెనక్కి తిరిగి ఊరి వెనక వాగులోకి ఎక్కుతాయి. వాటితో పాటు చేపలూ ఎక్కుతాయి. రెండు రోజులుండి దిగిపోతాయి. భయపడవలసింది ఎరుపెక్కి, చెట్లను మోసుకుంటూ పైనుంచి ఉరికి వచ్చే నీళ్లకు గానీ, ఇలా మెల్లగా, తేటగా కింది నుంచి వచ్చే నీళ్లకు ఎవరు భయపడతారు? ఆడా మగా అంతా బుట్టలూ, చేపలు పట్టే ఊతలూ పట్టుకుని వాగు వైపు పరిగెత్తారు. పొజ్జా కూడా పోయాడు, తల్లికి తొలి చేప కావాలని.

బుల్లమ్మ ఇంటి వెనక గట్టు మీద నిలబడి చూసింది. వాగులో నడుము లోతున నిలబడి బుట్టలు ముంచుతున్నారు. పెద్ద పెద్ద చేపలు. ఎవరి బుట్టలోంచో ఒకటి ఎగిరి పడితే, అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు వినేసరికి ఆమెకు ఆనాటి సముద్రం ఒడ్డే కనబడింది. ఆ తట్టలే. ఆ నవ్వే.

"బయటికి రండే! ఒడ్డెక్కండి! నీళ్లొచ్చేస్తాయి!"

ఒక్క తల తిరగలేదు. విన్నారు. వినబడనంత దూరం కాదు. అందరి వీపులూ ఒక్కసారి బిగుసుకోవడం ఆమెకు కనబడింది. గొంతు చించుకుని మళ్లీ అరిచింది. అందరినీ పేరు పేరునా పిలిచింది. నందేను, సోమారును, పెద్దయ్యను. ఒక్క హుంగే ఆగి, తల సగం తిప్పింది. సోమారు దాని మణికట్టు పట్టుకుని ఏదో అన్నాడు. హుంగే మళ్లీ వంగి బుట్ట ముంచింది.

సరిగ్గా అప్పుడు సోమారు ఇంట్లోంచి బుధ్రా ఏడుపు వినబడింది.

ఆ తర్వాత ఏం చేసిందో బుల్లమ్మకు వరసగా గుర్తు లేదు. ఉయ్యాలలోంచి పిల్లవాణ్ణి తీసింది. వాకిట్లో కునుకుతున్న కోసిని దాటింది. నల్లరాయిని దాటింది. ముళ్లు తగిలాయి, రాళ్లు తగిలాయి, పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. వెనక ఎక్కడో కోసి కేక వేసింది, "పిల్లగాణ్ణి ఎత్కపోతాంది! గుట్ట మీదికి ఎత్కపోతాంది!" అని. కోసి పిలిస్తే పలకడానికి బంద్ లేదు. ఆ కేకకు ఊరు ఊరంతా తిరిగి చూసింది. బుట్టలు పారేసి, కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇవేవీ బుల్లమ్మ వినలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడనే లేదు.

పైన బండ మీద కూలబడ్డాక, పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని ఊగుతూ కూర్చుంది. "ఊరుకో నాయనా, ఊరుకో. అమ్మ ఉంది. అమ్మ ఎత్తుకుంది గదా. నూకా, నూకరాజూ, ఏడవకు నాయనా." బుగ్గలు తడుముతూ, కాళ్లు తడుముతూ అదే మాట.

ఆ మాట వింటూ హుంగే బండ ఎక్కి వచ్చింది. ఎగరొప్పుతూ, తడిసి, మోకాలు చీరుకుపోయి. ఊళ్లో పుట్టిన ఆడవాళ్లలో వానాకాలంలో ఆ రాయి దాటింది అది ఒక్కతే. ఎదురుగా నిలబడి చేతులు చాచింది. బుల్లమ్మ ఇవ్వలేదు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసి, పిల్లవాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది.

"చిన్నత్తా. నా బిడ్డ."

బుల్లమ్మ తల అడ్డంగా ఊపింది. హుంగే కూర్చుని, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. చిటికెన వేలు దగ్గర బాగా కష్టమైంది. పిల్లవాడు తల్లి రొమ్ము అందుకుని చల్లబడ్డాక గానీ బుల్లమ్మ కళ్లలోకి మనిషి తిరిగి రాలేదు.

"పిలిచిన," అంది హుంగే. "దారెంట పిలుసుకుంటనే వచ్చిన. నువ్వు ఎనక్కి చూడలే."

అప్పుడు కింద గోల వినబడి, ఇద్దరూ అటు చూశారు.

పెద్ద అలేమీ రాలేదు. బుల్లమ్మ ఇన్నేళ్లూ కలలో చూసిన గోడలాంటి నీళ్లు అక్కడ లేవు. వాగు మెల్లగా, చప్పుడు లేకుండా వెడల్పయింది. కాసేపటి కిందట జనం నిలబడి నవ్విన చోట తుమ్మచెట్ల కొమ్మలు మాత్రమే పైకున్నాయి. వాగు అవతలి దారి లేదు, చేలు లేవు, మంచెల కాళ్లు లేవు. ముందు ఏరు, వెనక వాగు, రెండూ ఊరి మొగదల కలిసిపోయాయి. మొదటి వీధిలోకి నీళ్లు పాకుతున్నాయి, పొయ్యిలో బూడిద తేలుతోంది. గుట్ట ఒక్కటే మిగిలింది.

కర్రలతో సగం గుట్ట ఎక్కిన మగవాళ్లు వెనక్కి తిరిగి చూసి ఆగిపోయారు. సోమారు కర్ర పారేసి, తల్లి కోసం కిందికి ఉరికాడు. ఆడవాళ్లు మాత్రం నల్లరాయి దగ్గరే గుంపుగా నిలబడిపోయారు. పిల్లల్ని మగవాళ్లకు అందిస్తున్నారు గానీ, వాళ్లు కదలడం లేదు. నీళ్లు వచ్చి చివర నిలబడ్డ నందే పాదాలను తాకాయి. అయినా కదలలేదు. "రండి! ఎక్కండి!" అని మగవాళ్లు అరుస్తున్నారు. అరిచేవాళ్లకూ తెలుసు, ఎట్లా ఎక్కుతారు?

పొజ్జా గుంపును తోసుకుంటూ వచ్చాడు. రాయి ముందు కూర్చున్నాడు. ఏదో గొణిగాడు. తర్వాత రెండు చేతులతో దాన్ని అటూ ఇటూ కదిపి, మట్టిలోంచి పెకలించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకున్నాడు.

"తల్లి పైకి పోతాంది," అన్నాడు. "ఎల్ల నా భుజాన ఉన్నది. ఎవరూ నన్ను దాటకుండ్రి. నా ఎనక నడవుండ్రి."

ముసలివాడు మెల్లగా ఎక్కాడు. అతని వెనక ఆడవాళ్లు, అతన్ని దాటకుండా, అంతే మెల్లగా ఎక్కారు. కోసిని సోమారు వీపున మోసుకొచ్చాడు. కట్టు చెడకుండా ఊరు ఊరంతా గుట్ట మీదికి చేరింది. బండ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లే రాయికి ముందున్నారు. పొజ్జా వాళ్లిద్దర్నీ చూశాడు, రాయిని వాళ్ల ముందు దించి, చెమట తుడుచుకున్నాడు.

"మిమ్ముల తల్లే పిలుచుకున్నది," అన్నాడు. అది తీర్పు. దానితో మాట బంద్ కూడా పోయింది.

నీళ్లు దిగేదాకా గుట్ట మీదే ఉన్నారు. తినడానికి నీళ్ల అంచున పట్టిన పచ్చి చేపలూ, లేత వెదురుకొమ్ములూ. ఇళ్లు ఒక్కొక్కటే కూలి, కప్పులు తేలిపోవడం పైనుంచి కనబడేది. ఎవరి కప్పు పోతే వాళ్లు ఏడ్చారు. మేకలు పోయాయి, విత్తులు పోయాయి, మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. ఆ లెక్క చూసుకునే కొద్దీ అందరూ బుల్లమ్మ చుట్టూ చేరారు. ఎంత తెలివిగా పైకి రప్పించింది! పిలిస్తే ఎవరూ పలకరని తెలిసి, పిల్లవాణ్ణి ఎత్తుకుని పరిగెత్తింది! నందే ఆమె కాళ్లు పట్టుకుంది. కోసి తల నిమిరింది. "సముద్రం ఎట్లుంటదో చెప్పు అక్కా," అని కూర్చున్నారు, నవ్వినవాళ్లే. ఇన్నాళ్ల మాటలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తున్నారు. ఆ మాటల మధ్య బుల్లమ్మకు ఊపిరాడడం లేదు.

"పెద్దయ్యా," అంది, పొజ్జా ఒంటరిగా దొరికినప్పుడు. "నేను మిమ్మల్ని రప్పిద్దామని ఎక్కలేదు. మీరెవరూ నాకు గుర్తు లేరు. పిల్లోణ్ణి తీసుకుని పారిపోయాను, అంతే. మీరంతా పోయినా నేను ఎనక్కి సూసేదాన్ని కాదు."

పొజ్జా బోసినోటితో వెదురుకొమ్ము నములుతున్నాడు. "నీ మనసుల ఏమున్నదో నాకెందుకు బిడ్డా. ఊరు బతికింది. జనం ఒక మాట అనుకున్నరు. ఆ మాటను ఉండనియ్యి."

పక్క బండకు ఆనుకుని హుంగే పిల్లవాడికి పాలిస్తోంది. అది విన్నదని బుల్లమ్మకు తెలుసు. ఆ సంగతి దానికి కొత్త కాదనీ తెలుసు. బండ మీద ఆ మాట అన్న దగ్గర్నుంచి హుంగే ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. పిల్లవాణ్ణి ఒక్క క్షణం కూడా చంక దించలేదు. నిద్రపోయేటప్పుడు చీర కొంగుతో తన నడుముకు ముడివేసుకుంది.

నీళ్లు దిగాక బురద మిగిలింది. పొజ్జా రాయిని దాని చోట మళ్లీ నిలబెట్టాడు. ఊరంతా కలిసి మొదట బుల్లమ్మ ఇల్లు కట్టాలని తీర్మానించారు. మగవాళ్లు గుంజలు నరికి తెచ్చారు, వెదుళ్లు చీల్చి తడికలు అల్లారు. ఆమెను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. కూర్చో అక్కా, కూర్చో చిన్నమ్మా అంటూ వాకిట్లో పీట వేశారు. అంత మంది మనుషులు తన కోసం పనిచేయడం ఆమె ఎన్నడూ ఎరగదు. పీట మీద కూర్చుని, గుంజలు పాతిన చోటి నుంచి ఎదురుగా ఖాళీ జాగా చూస్తూ ఉంది.

మర్నాడు సోమారు తన ఇల్లు మొదలుపెట్టాడు. వెనకటి లాగే గుమ్మం బుల్లమ్మ గుమ్మానికి ఎదురుగా ఉండేలా రెండు గుంజలు పాతాడు. "చిన్నమ్మా, ఇగ నీ పొయ్యి నా పొయ్యి ఒకటే," అన్నాడు సంతోషంగా. హుంగే పిల్లవాణ్ణి వీపుకు కట్టుకుని వచ్చి, ఆ రెండు గుంజలూ ఊపి, పీకింది. ఇంటి అటు పక్కకు పోయి, గుట్ట వైపుకు, కొత్త గుంతలు తవ్వడం మొదలుపెట్టింది.

"ఏందే? పాత చోటు ఏమైంది?"

"ఈ దిక్కు గాలి కొడుతది," అంది హుంగే.

"ఇన్నేండ్ల సంది కొట్టని గాలి ఇప్పుడు కొడుతదా?"

హుంగే తవ్వుతూనే ఉంది. సోమారు తల గోక్కుని, బుల్లమ్మకేసి చూసి నవ్వాడు, ఆడవాళ్ల సంగతి ఇంతే అన్నట్టు. బుల్లమ్మ నవ్వలేదు.

సాయంకాలానికి తడికలు నిలబడ్డాయి. గుమ్మం అటు పోయింది, ఇటు వైపుకు వెనక తడిక వచ్చింది, సందు లేకుండా. ఇక మట్టి పూత. వరద తెచ్చిన బురదకు పేడా పొట్టూ కలిపి తొక్కాలి. హుంగే వంగి ఒక్కతే తొక్కబోతే, వీపున పిల్లవాడు జారుతున్నాడు.

బుల్లమ్మ పీట మీంచి లేచింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని బురదలో దిగింది. హుంగే ఆగి చూసింది. పక్కకు జరిగింది. బుల్లమ్మ మట్టి తొక్కింది, మెత్తబడేదాకా, కాలి కింద రాయి తగలకుండా పోయేదాకా. తర్వాత ముద్దలు చేసి ఒక్కొక్కటే అందించింది. హుంగే ఆమె చేతిలోంచి ముద్ద తీసుకుని, ఆమె ముఖం చూడకుండా, తడిక మీద కొట్టి, అరచేత్తో పాముకుంటూ పోయింది. వీపు మీంచి బుధ్రా మెడ తిప్పి, బుల్లమ్మను చూసి, ఆ రెండు పళ్లతో నవ్వాడు. బుల్లమ్మ ఇంకో ముద్ద చేసి అందించింది. కింది నుంచి పైదాకా, ఆ గోడకు సరిపడా మట్టి ఆమే ఇచ్చింది.